గుడ్లు ఎవరివి, తండ్రి ఎవరు? ఇంటి అక్వేరియంలో క్యాట్‌ఫిష్ సంకరం చిక్కుముడి

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వార్తల్లో చెప్పిన మర్నాడు పొద్దున్నే మా కింది ఫ్లాట్ కుర్రాడు ఫోన్ పట్టుకుని పైకి వచ్చాడు. వాడి ట్యాంక్ ముందు అద్దం మీద అరవై దాకా గుడ్లు ఉన్నాయి. ఉడికీ ఉడకని సగ్గుబియ్యం గింజల్ని ఎవరో ఒక్కొక్కటే తీరిగ్గా అంటించినట్టుగా.

"అంకుల్, ఇవి ఎవరి గుడ్లు?" అన్నాడు. రెండు నిమిషాలాగి అసలు భయం బయటపెట్టాడు. "అన్నీ ఒకే ట్యాంక్‌లో ఉన్నాయి కదా, క్రాస్ అయిపోయి ఉంటాయా?"

వాడి ట్యాంక్‌లో కోరీలనే చిన్న క్యాట్‌ఫిష్‌లు నాలుగు రకాలున్నాయి: మూడు అల్బినో కోరీలు, నాలుగు బ్రాంజ్ కోరీలు, ఐదు పాండాలు, రెండు పెప్పర్డ్ కోరీలు. ఇవి కాక మూతి నిండా కొమ్ముల్లాంటి మీసాలున్న బ్రిసిల్‌నోస్ సక్కర్ ఒకటి, గుంపుగా తిరిగే టెట్రాలు, ఎవరూ కొనకుండానే మొక్కలతోపాటు వచ్చేసిన నత్తలు ఉన్నాయి. గుడ్లు పెట్టగలిగే ప్రాణులు ఇన్ని ఉన్నప్పుడు అనుమానం రావడం సహజమే. కానీ వాడు అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలు. గుడ్డు ఏ జాతిది అన్నది ఒకటి, దానికి తండ్రి ఎవరు అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. రెండోదానికి చాలాసార్లు దొరకదు. ఇన్నేళ్లుగా చేపలు పెంచుతూ నేను గమనించింది ఇంకోటి ఉంది. సంకరం జరగడం కష్టమైన చోటే మనం అనుమానపడతాం. సులువుగా జరిగిపోయే చోట అనుమానమే రాదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

గుడ్డును కాదు, పెట్టిన చోటును చూడాలి

ఒక్క గుడ్డును తీసి చేతిలో పెట్టి "ఇది ఎవరిది?" అంటే నిపుణుడైనా తడబడతాడు. గుండ్రంగా, ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల వెడల్పున, పాల తెలుపుకీ లేత తేనెరంగుకీ మధ్యలో ఉండే గుడ్లు చాలా చేపలకు ఉన్నాయి. చెప్పగలిగేదల్లా గుడ్డు చుట్టూ ఉన్న సంగతులే. అది ఎక్కడ ఉంది, విడిగా ఉందా గుంపుగా ఉందా, ఎవరైనా కాపలా కాస్తున్నారా, వేలితో తాకితే ఏమవుతుంది అన్నవి.

వేలి పరీక్షనే ముందు చెబుతాను. కోరీ గుడ్డు పైకి మెత్తగా కనిపిస్తుంది గానీ గట్టిది. అద్దం మీద వేలితో మెల్లగా దొర్లిస్తే ఊడి వస్తుంది, పగలదు. నత్త గుడ్లను అలా చేస్తే వేలికి జిగురు అంటుతుంది. వాటిలో చాలావాటి గుడ్లు విడివిడిగా ఉండవు, పారదర్శకమైన జెల్లీ ముద్దలో పదీ ఇరవై చుక్కల్లా కనిపిస్తాయి. నెరైట్ నత్తలది ఇంకో రకం. తెల్ల నువ్వుగింజల్లా గట్టిగా అతుక్కుని, గోటితో గీకినా ఓ పట్టాన రావు. అవి మంచినీటి ట్యాంక్‌లో పిల్లలవ్వవు కూడా. మిస్టరీ నత్త అయితే నీటి మట్టానికి పైన, మూత దగ్గర గులాబీరంగు గుత్తి పెట్టి పోతుంది.

చేపల్లో టెట్రాలు, బార్బ్‌లు, డేనియోలు గుడ్లను వెదజల్లేస్తాయి. వాటి గుడ్లు అద్దం మీద ఇంత ఒద్దికగా కనిపించవు. ఏంజెల్ చేప వెడల్పాటి ఆకు మీదో ఫిల్టర్ గొట్టం మీదో వరుసల్లో పెట్టి, పక్కనే ఉండి ఎవరొచ్చినా తరుముతుంది. గౌరామీ, ఫైటర్ మగచేపలు నీటిపైన బుడగల గూడు కడతాయి. గుడ్లు పెట్టి పట్టించుకోకుండా వెళ్లిపోవడం, కాసేపయ్యాక అవే వచ్చి తినేయడం కోరీల లక్షణం. కాపలా లేదు, గూడు లేదు, అద్దానికి అంటించి ఉన్నాయి అంటే అవి కోరీవే అనుకోవచ్చు.

కోరీల్లో ఏది అన్నది కొంచెం సూక్ష్మం. పాండా తల్లి ఒక విడతలో పాతిక గుడ్లు పెడితే ఎక్కువే. వాటినీ నాచు కుచ్చుల్లో, వేళ్ల మధ్య ఒకటీ రెండుగా దాచడమే దానికి ఇష్టం. బ్రాంజ్, పెప్పర్డ్ తల్లులు అలా కాదు. అద్దాన్ని నోటితో శుభ్రం చేసుకుని ఒక్క పొద్దులో వంద గుడ్లు దాటించగలవు. పిగ్మీ కోరీల గుడ్లు ఒక మిల్లీమీటరు దగ్గర ఉండే చిన్నవి. కాబట్టి ముందు అద్దం మీద అరవై అనగానే కుర్రాడి ట్యాంక్‌లో పాండాలు తల్లులు కావడం అరుదు. మిగిలినవి బ్రాంజ్, పెప్పర్డ్, అల్బినో. అల్బినో అంటే అదొక జాతి కాదని ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. బ్రాంజ్‌లోనూ అల్బినోలు ఉన్నాయి, పెప్పర్డ్‌లోనూ ఉన్నాయి. రెండూ తెల్లగా, ఎర్ర కళ్లతోనే ఉంటాయి. దుకాణంలో రెంటినీ ఒకే తొట్టిలో వేసి "అల్బినో కోరీ" అని అమ్మేస్తారు.

వెంటనే చేయాల్సిన పని కూడా ఒకటి ఉంది. పెట్టిన మర్నాటికి గుడ్డు తెల్లగా సున్నం ముద్దలా మారిందంటే అది పట్టలేదన్నమాట. దాని మీద బూజు పట్టి పక్కవాటికీ పాకుతుంది, కాబట్టి తీసేయాలి. మిగిలినవి తేనెరంగుకు తిరిగి, మూడో రోజుకు లోపల రెండు కళ్ల చుక్కలు కనిపిస్తాయి. నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే మూడు నుంచి ఐదు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. బూజు ఆపడానికి మెథిలీన్ బ్లూ చుక్కలు వేసేవాళ్లు ఉన్నారు. నేనైతే ఎండిన బాదం ఆకు ఒకటి వేస్తాను. బయటి దేశాల్లో దీన్ని ప్యాకెట్ కట్టి అమ్ముకుంటారు, మన వీధిలో చీపురుతో ఊడ్చి పారేస్తాం.

తల్లి కనిపిస్తుంది, తండ్రి కనిపించడు

కోరీల సంగమం చూసినవాళ్లకు అది విచిత్రంగా ఉంటుంది. మగచేప అడ్డంగా ఆగుతుంది, ఆడచేప వచ్చి దాని పొట్ట కింద నోరు ఆనిస్తుంది. పైనుంచి చూస్తే ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. ఆ నోరు ఆనించడం ఎందుకో చాలాకాలం ఎవరికీ అర్థం కాలేదు. 1995లో జపాన్ శాస్త్రవేత్త మసనోరి కోహ్దా బృందం బ్రాంజ్ కోరీల మీద చేసిన పనిలో తేలింది, ఆడచేప వీర్యాన్ని తాగేస్తుందని. తాగింది జీర్ణం కాదు. పేగులోంచి వేగంగా ప్రయాణించి, వెనక నుంచి బయటపడి, అదే సమయంలో పొట్ట కింది రెక్కలను దోసిలిలా పట్టి అందులోకి వదిలిన గుడ్లను ఫలదీకరిస్తుంది. కోరీలు నీటిపైకి దూసుకొచ్చి గాలి మింగి పేగుతోనే ఊపిరి పీల్చుకోగల చేపలు. వాటి పేగు మామూలు పేగు కాదు మరి.

ఈ వివరం మన ప్రశ్నకు కీలకం. టెట్రాల్లో గుంపంతా ఒకేసారి నీళ్లలోకి వదులుతుంది, ఎవరిది ఎవరికి తగిలిందో చెప్పలేం. కోరీల్లో దోసిలిలో ఉన్న ఆ రెండు మూడు గుడ్లకు తండ్రి, ఆ క్షణంలో ఆడచేప ఏ మగచేప దగ్గర తాగిందో ఆ ఒక్కటే. మళ్లీ దోసిలికి ఇంకో మగచేప దగ్గరికి వెళ్లొచ్చు. అంటే అద్దం మీది అరవై గుడ్లకు ఒకే తల్లి, ముగ్గురు నలుగురు తండ్రులు ఉండొచ్చు. అయినా అది చూస్తే తెలిసే విషయమే. ఫోన్‌ను ట్యాంక్ ముందు నిలబెట్టి వీడియో తీసి ఉంటే ఏ ప్రయోగశాలా ఇవ్వలేనంత మంచి సాక్ష్యం దొరికేది. మా కుర్రాడు ఆ టైములో నిద్రపోతున్నాడు.

బ్రిసిల్‌నోస్ దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. మగచేప గుహలో, కొబ్బరి చిప్పలో, గొట్టంలో ఉంటుంది. ఆడచేప లోపలికెళ్లి నారింజ, పసుపు రంగుల మధ్య ఉండే పెద్ద పెద్ద గుడ్ల గుత్తి పెట్టి వెళ్లిపోతుంది. తండ్రి అక్కడే కూర్చుని రెక్కలతో విసురుతూ కాస్తాడు. ఇక్కడ తండ్రి కళ్లముందే ఉన్నాడు, తల్లి ఎవరన్నదే ప్రశ్న. ఒకే గుహలోకి ఇద్దరు ఆడచేపలు వెళ్లడమూ ఉంది.

ఎవరి గుడ్డు ఎవరిదో తెలియని పరిస్థితిని బతుకుతెరువుగా మార్చుకున్న క్యాట్‌ఫిష్ కూడా ఒకటుంది. ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సులో ఉండే సినోడాంటిస్ మల్టిపంక్టాటస్ అది. అక్కడి సిక్లిడ్ అనే చేపల్లో తల్లులు గుడ్లను నోట్లో దాచుకుని పొదుగుతాయి. సిక్లిడ్ గుడ్లు పెడుతుంటే ఈ క్యాట్‌ఫిష్ జంట మధ్యలో దూరి తన గుడ్లు వదులుతుంది. ఆ గందరగోళంలో తల్లి అన్నిటినీ నోట్లోకి తీసుకుంటుంది. క్యాట్‌ఫిష్ పిల్లలు ముందే బయటికొచ్చి, లోపల ఉన్న సిక్లిడ్ పిల్లల్నే తింటూ పెరుగుతాయి. 1986లో జపాన్ శాస్త్రవేత్త టెట్సు సాటో దీన్ని లోకానికి చెప్పాడు. కాకి గూట్లో కోకిల గుడ్డు మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే గానీ, కోకిల పిల్ల కాకి నోట్లోనే పెరగడం లాంటిది ఇది. ఇంటి ట్యాంక్‌లో కూడా కొందరు దీన్ని చేయిస్తారు.

ఎవరితో ఎవరు కలుస్తారు?

ఇప్పుడు సంకరం. పాండా కోరీ పెరూలోని ఉకయాలి నదీ ప్రాంతానిది. పెప్పర్డ్ కోరీ దక్షిణాన లాప్లాటా నదీ పరీవాహకానిది, కాస్త చల్లటి నీళ్ల చేప. స్టెర్బా కోరీ బ్రెజిల్, బొలీవియా సరిహద్దులోని గ్వాపొరే నదిది. ఈ మూడూ ప్రకృతిలో ఒకదాని మొహం ఒకటి చూసే అవకాశమే లేదు. కాబట్టి "నువ్వు మా వాడివి కావు" అని గుర్తుపట్టే అలవాటు వాటికి అవసరం పడి ఉండకపోవచ్చు. నదులు చేసిన కాపలాను మనం రెండడుగుల గాజు పెట్టెలో తీసేశాం.

అంతమాత్రాన అన్నీ కలిసిపోవు. కోరీలన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల అవి చాలా దూరపు చుట్టాలు. ఇన్నాళ్లూ దాదాపు అన్నిటినీ కోరిడోరాస్ అనే ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, వేశారు. 2024లో వచ్చిన పెద్ద పరిశోధన ఆ కుటుంబ శాఖను ఏడు ప్రజాతులుగా విడదీసింది. దాని ప్రకారం బ్రాంజ్ ఇప్పుడు ఆస్టియోగాస్టర్. పాండా, పెప్పర్డ్ రెండూ హాప్లిసోమా. పిగ్మీ గాస్ట్రోడెర్మస్. దుకాణాల బోర్డులు ఇంకా పాత పేర్లతోనే ఉన్నాయి, ఇంకో పదేళ్లయినా ఉంటాయి.

పైగా పోలిక మనల్ని మోసం చేస్తుంది. 2011లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపించిందేమిటంటే, ఒకే వాగులో ఉండే వేర్వేరు శాఖల కోరీలు ఒకే రంగు వేషం వేసుకుంటాయని. వీటి రెక్కల ముళ్లకు విషం ఉంది. అందరూ ఒకే యూనిఫాం వేసుకుంటే తినడానికొచ్చే చేప ఒక్కసారి ముల్లు తగిలితే అందరినీ వదిలేస్తుంది. కాబట్టి కవల పిల్లల్లా కనిపించే రెండు కోరీలు పరాయివాళ్లు కావొచ్చు, పోలికే లేని రెండు అన్నదమ్ములు కావొచ్చు.

దీనికి క్రోమోజోముల లెక్క కూడా తోడవుతుంది. ఈ కుటుంబంలో కొన్ని శాఖల్లో మొత్తం జన్యువుల కట్ట రెట్టింపయింది. అందుకే క్రోమోజోముల సంఖ్య ఒక జాతిలో 40 దగ్గర ఉంటే ఇంకో జాతిలో 130 దాటుతుంది. తల్లి వైపు సగం, తండ్రి వైపు సగం వచ్చి జతలు కట్టాల్సిన చోట లెక్క అంత తేడాగా ఉంటే గుడ్డు పట్టినా పిండం నిలవడం కష్టం, పిల్ల పుట్టినా దానికి సంతానం కలగడం ఇంకా కష్టం. దగ్గరి శాఖల మధ్య ఈ అడ్డంకి తక్కువ. అంటే బ్రాంజ్, పాండా జంట దూరపు ప్రజాతులది, దాని గురించి కుర్రాడు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. వాడు అసలు ఆలోచించని పాండా, పెప్పర్డ్ జంటది ఒకే ప్రజాతి.

అంతకంటే చిక్కుది ఎవరూ సంకరం అనుకోనిది. బ్రాంజ్ కోరీని 1858లో ట్రినిడాడ్ దీవి చేపలను చూసి వర్ణించారు. ఆ తర్వాత దక్షిణ అమెరికా నలుమూలల నుంచి వచ్చిన గోధుమరంగు కోరీలన్నిటికీ ఆ పేరే తగిలించారు. వాటిలో క్రోమోజోముల సంఖ్యలే చోటుచోటుకీ మారతాయి. అంటే "బ్రాంజ్" అన్న ఒక్క పేరు కింద చాలా జాతులు దాక్కుని ఉన్నాయి. పెరూ నుంచి వచ్చే ఆకుపచ్చ, నారింజ చారల "లేజర్" కోరీలు అలాంటివే. వాటిని మామూలు బ్రాంజ్‌తో కలిపి వదిలినవాడు "అన్నీ ఒకటే కదా" అనుకుంటాడు. జూలీ కోరీ పేరుతో అమ్మేదీ అంతే. దుకాణాల్లో దొరికేది ఎక్కువగా ట్రైలీనియాటస్ అనే వేరే జాతి. అసలు జూలీకి తల మీద విడివిడి చుక్కలుంటే దీనికి చుక్కలు కలిసి ముగ్గు గీతల్లా అల్లుకుంటాయి. రెంటినీ ఒకటే అనుకుని జత కలిపితే ఆ పిల్లల పేరేమిటి?

రంగు చెప్పేదెంత, డీఎన్‌ఏ చెప్పేదెంత

నెల తర్వాత కుర్రాడు మళ్లీ వచ్చాడు. పిల్లలు ఇరవై పైగా బతికాయి, అన్నీ గోధుమ మచ్చలతో ఉన్నాయి. తల్లి మాత్రం తెల్లది. అద్దం దగ్గర ఖాళీ పొట్టతో తిరిగింది అదేనని వాడు ఆ రోజే గమనించాడు. "తెల్ల తల్లికి గోధుమ పిల్లలు పుట్టారంటే క్రాసే కదా?"

కాదు, అలా తేలదు. ఆల్బినో లక్షణం దాగి ఉండే గుణం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. తెల్ల తల్లికి, ఆ గుణం లేని మామూలు గోధుమ బ్రాంజ్ తండ్రికి పుట్టే పిల్లలన్నీ గోధుమగానే ఉంటాయి. అయితే ఇదే తర్కం రెండో వైపు కూడా తిరుగుతుంది. తండ్రి పరాయి జాతివాడైనా పిల్లలు గోధుమగానే ఉంటాయి. తెల్ల పిల్లలు పుట్టి ఉంటే అనుమానం దాదాపు తీరినట్టే, ఎందుకంటే ఆ గుణం తండ్రి వైపు నుంచీ వచ్చి ఉండాలి. గోధుమ పిల్లలు పుడితే ఏమీ తేలలేదన్నమాట. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులు చేసి చెబుతారు.

మచ్చల సంగతీ తొందరపడి తేల్చకూడదు. కోరీ పిల్లలు పెద్దవాటిలా ఉండవు. బ్రాంజ్ పిల్లలకు కూడా మొదట్లో మచ్చలు, పట్టీలు ఉండి, రెండు నెలలు దాటాక మెల్లగా కలిసిపోతాయి. ఆ వయసులో ఫొటో తీసి "చూడండి, పెప్పర్డ్ పోలిక" అంటే ప్రతి బ్రాంజ్ పిల్లా సంకరమే అవుతుంది. నిజంగా సంకరమైనా సగం సగం పోలిక రావాలని లేదు. మొదటి తరం ఒక్కోసారి తల్లినే గుద్దినట్టు ఉంటుంది. ఆ పిల్లల పిల్లల్లో దాగినవన్నీ చెదిరి బయటపడతాయి, అప్పటికి అవి నాలుగు ఊళ్లకు చేరి ఉంటాయి.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే సరి కదా అనిపిస్తుంది. చేపల జాతి గుర్తించడానికి ఎక్కువగా వాడే బార్‌కోడ్ పరీక్ష కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని జన్యువును చదువుతుంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. కాబట్టి గుడ్డు ఎవరు పెట్టారన్న ప్రశ్నకు అది అచ్చమైన జవాబు ఇస్తుంది. తండ్రి గురించి ఒక్క ముక్క చెప్పదు. సంకర పిల్లను పరీక్షిస్తే ధీమాగా తల్లి జాతి పేరు రాసిస్తుంది. తండ్రి తెలియాలంటే కణకేంద్రకంలోని జన్యువులను చూడాలి, దానికి పోల్చుకోవడానికి నికార్సయిన తల్లిదండ్రుల నమూనాలు కావాలి. ఇంటి ట్యాంక్‌కు అది అయ్యే పని కాదు.

ఇంతా చేసి ఇదేమైనా పెద్ద విషయమా అంటే, అమ్మేటప్పుడు అవుతుంది. సినోడాంటిస్‌లను తూర్పు యూరప్ ఫారాల్లో హార్మోన్ ఇంజెక్షన్లతో సంకరం చేసి అందమైన పేర్లతో వదిలారు. రెడ్‌టెయిల్, టైగర్ షావెల్‌నోస్ క్యాట్‌ఫిష్‌లు కలిపిన రాక్షసి పిల్లలను ఆసియా దుకాణాల్లో చూడొచ్చు. ఇంజెక్షన్ చేతిలో ఉన్నప్పుడు చేపల ఇష్టాయిష్టాలతో పని లేదు. బ్రెజిల్‌లో షింగు నది నలుపు తెలుపు చారల జీబ్రా ప్లెకో అనే సక్కర్ చేపకి సొంత ఊరు. బెలో మోంటే ఆనకట్ట వచ్చాక ఆ నది వంపు నీళ్లే మారిపోయాయి. రేపు ఇళ్లలో పెరిగిన జీబ్రాలే ఆ జాతికి ఆధారం కావొచ్చు. అలాంటి చేపను పక్క రకం ప్లెకోతో కలిపి పెంచి, పిల్లల్ని జీబ్రా పేరుతో అమ్మితే నాకు కోపం వస్తుంది.

మన దగ్గరికొస్తే సంగతి ట్యాంక్ దాటి చెరువుకు పోయింది. ఆంధ్రా, తెలంగాణ చెరువుల్లో వలలు చింపే ఒళ్లంతా కవచమున్న సక్కర్ చేపను జాలర్లు దెయ్యం చేప అంటారు. అక్వేరియంలో "అద్దం కడిగే చేప" అని కొని, అడుగు పొడవు పెరిగేసరికి కాలువలో వదిలేసినవాళ్ల పుణ్యం అది. కట్టల్లో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. వాటి జాతిని పొట్ట మీది గీతలను బట్టి చెబుతారు. చుక్కలుంటే ఒకటి, వంకర చారలుంటే ఇంకొకటి. ఆసియా నీళ్లలో పట్టిన చాలావాటి పొట్ట మీద రెండూ కలగలిసి ఉంటాయి. ఆ రెండు జాతులూ బయటికొచ్చాక కలిసిపోయి ఉంటాయని అనుమానం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నీళ్లలో ఈ చేప ఉందో లేదో, చేపను పట్టకుండా నీటిలో కలిసిన డీఎన్‌ఏతోనే గుర్తించే పద్ధతిని తయారుచేశారు.

కూర క్యాట్‌ఫిష్‌దీ ఇదే కథ. థాయ్‌లాండ్‌లో అక్కడి నాటు క్లారియాస్ ఆడచేపకు ఆఫ్రికన్ మగచేపను కలిపి త్వరగా పెరిగే సంకరాన్ని పెంచారు. ఆ తర్వాత అడవి నీళ్లలోని నాటు చేపల్లో ఆఫ్రికన్ జన్యువులు కనబడ్డాయి. మన దేశంలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని 2000లోనే నిషేధించారు. అయినా దొంగచాటు చెరువులను అధికారులు పట్టుకున్న వార్తలు తెలుగు పేపర్లలో వస్తూనే ఉంటాయి.

కుర్రాడి పిల్లలకు ఇప్పుడు మూడు నెలలు. మచ్చలు కలిసిపోయి, గోధుమ వెన్ను, రాగి మెరుపు వచ్చాయి. పాండా కంటి పట్టీ ఒక్కదానికీ లేదు. బ్రాంజ్ తండ్రే అయి ఉంటాడని నా అంచనా. వాళ్ల కాలేజీ స్నేహితుడు ఎనిమిది పిల్లల్ని అడిగాడట. కవర్‌లో నీళ్లు పోసి కట్టి, మీద టేపు అంటించి, వాడు నన్ను అడక్కుండానే స్కెచ్ పెన్నుతో రాశాడు: "తల్లి: అల్బినో, బ్రాంజ్ అనుకుంటున్నాం. తండ్రి: తెలీదు. పాండాలు, పెప్పర్డ్ ఉన్న ట్యాంక్."